వెనక షాకు దగ్గర "టక్" మంటోంది, ఆదివారం దిగుడు దారికి తీసుకెళ్ళవచ్చా?

రాళ్ళదారి:

అందరికీ నమస్తే. మూడేళ్ళు హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే కుదుపు మింగే కొండదారి సైకిలు) తొక్కాక, నెల కిందట మొదటిసారి ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుదుపు మింగే) బైకు కొన్నాను. సెకండ్ హ్యాండ్, నాలుగేళ్ళ పాతది. అల్యూమినియం ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందు 150 మిల్లీమీటర్లు నొక్కుకునే ఫోర్కు, వెనక షాకుతో (స్ప్రింగులా పనిచేసే గాలి గొట్టం) చక్రం 140 కదులుతుంది. అమ్మినతను నాకంటే బాగా పొడుగు, బరువు కూడా ఎక్కువే. నా బరువు 78 కిలోలు.

మొదటి వారం స్వర్గంలో ఉన్నట్టే ఉంది. రాళ్ళ మీద పోతుంటే అసలు రాళ్ళున్నట్టే తెలియదు. రెండో వారం మోకాలెత్తు గట్టు ఒకటి దూకి దిగితే వెనక నుంచి "టక్" అంది. పెద్ద శబ్దమేమీ కాదు, స్విచ్ వేసినట్టుంది. అప్పటి నుంచి దిగిన ప్రతిసారీ వస్తోంది. నిలబడి తొక్కుతూ ఎక్కేటప్పుడు కూడా అప్పుడప్పుడు వినిపిస్తోంది. కూర్చుని మామూలు రోడ్డు మీద పోతే ఏమీ లేదు.

ఇంకో సంగతి. పోయిన వారం చిన్న జంపు మీద వెనక చక్రం నన్ను తన్నినట్టు పైకి లేచింది, ముందుకు బోర్లా పడ్డాను. బైకుకేం కాలేదు. నాకు మోచేయి గీరుకుంది, మణికట్టు కొంచెం నొప్పిగా ఉంది, అంతే. ఇది నా తప్పా, బైకు తప్పా అర్థం కావడం లేదు. హార్డ్‌టెయిల్ మీద అదే జంపు ఎన్నోసార్లు దూకాను.

రిపేరు షాపులో చూపిస్తే గేర్లు సర్ది, చైనుకు నూనె వేసి "అన్నీ చూశాం, బాగానే ఉంది" అన్నారు. ఆదివారం స్నేహితులతో పొడుగాటి దిగుడు దారికి వెళ్ళాలని ఉంది. ఇలాంటి బైకులో నేను సొంతంగా చూసుకోగలిగినవి ఏమిటి? నా దగ్గర అలెన్ కీల సెట్టు, షాక్ పంపు ఉన్నాయి. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచేది) లేదు. నిజం చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది.


గాలిపటం:

బ్రో, ఇంత ఆలోచన అనవసరం. వెనక ఉన్న బోల్టులన్నీ ఒకసారి బలంగా బిగించెయ్. తొంభై శాతం శబ్దాలు దాంతో పోతాయి. నాది రెండేళ్ళుగా అలాగే నడుస్తోంది.


పాతచైను:

గాలిపటం తమ్ముడూ, కోప్పడకు. ఆ సలహా నాకు ఒక ఫ్రేము ఖరీదు అయింది, అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట నా బైకు కిర్రు కిర్రుమంటుంటే మూడు వారాలు బాటమ్ బ్రాకెట్‌ని (పెడల్స్ ఇరుసు తిరిగే చోటుని) అనుమానించాను. పెడల్స్ విప్పి గ్రీజు పెట్టాను. సీటు పోస్టు తీసి తుడిచాను. చివరికి బాటమ్ బ్రాకెట్టే మార్చేశాను. రెండు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలైంది. అసలు దొంగ దానికి నాలుగు వేళ్ళ పైన ఉన్న మెయిన్ పివట్ (ఫ్రేము వెనక భాగం ఊగే పెద్ద కీలు) బోల్టు. అంతకు ముందు బైకు మొత్తం విప్పి కడిగినప్పుడు, ఆ బోల్టు మరలకు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పూయాల్సిన చోట నేను శుభ్రంగా గ్రీజు పూశాను. వదులైంది అనిపించినప్పుడల్లా పిడికిలి బలంతో బిగించాను. ఒక రోజు దిగుడులో మలుపు తిరుగుతుంటే వెనక చక్రం ఒక పక్కకు వాలిపోయింది. ఆగి చూస్తే బోల్టు సగం బయటికొచ్చి క్రాంకును (పెడల్ బిగించే కడ్డీని) గీరుతోంది. రెండు గంటలు నడిపించుకుంటూ దిగాను. ఇంటికొచ్చి విప్పితే బేరింగు కూర్చునే గుంట కోలగా సాగిపోయింది. అది బాగయ్యేది కాదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

ఇక రాళ్ళదారి ప్రశ్నకు. ఫ్రేములో శబ్దం గొట్టాల వెంట పరిగెడుతుంది. కాళ్ళ దగ్గర వినిపించింది సీటు కింద పుట్టి ఉండవచ్చు. కాబట్టి చెవిని పక్కన పెట్టి వేలితో వెతుకు.

ముందు బైకు కడుగు. మురికి బైకును పరీక్షించడం అంటే బురదను పరీక్షించడమే. బకెట్టు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. ప్రెషర్ వాషర్ మాత్రం బేరింగుల మీద, షాకు సీళ్ళ మీద కొట్టకు. నీళ్ళు లోపలికి పోతాయి, గ్రీజు బయటికొస్తుంది.

కడిగాక బైకును నేల మీద నిలబెట్టి, వెనక చక్రం నేలను వదిలీ వదలనట్టుగా మెల్లగా పైకి లేపు. చాలామంది సీటు పట్టుకుని లేపమంటారు. డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే కిందికి దిగే సీటు పోస్టు) ఉంటే అలా చేయకు, పోస్టుకే కొంచెం ఆట ఉంటుంది, అది నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. ఫ్రేము పట్టుకుని లేపు. చక్రం లేవకముందే "టక్"మని చిన్న కదలిక తెలిస్తే వెనక ఎక్కడో కీలు వదులుగా ఉన్నట్టు. ఇప్పుడు రెండో చేతి వేలి కొనను ఒక్కో కీలు మీద పెట్టు, సగం ఇటు, సగం అటు ఆనేలా. షాకు పై కన్ను, కింది కన్ను (రెండు చివర్లా బోల్టు దూరే రంధ్రాలు), రాకర్ (షాకును నొక్కే మీట) దగ్గర, సీట్‌స్టే (సీటు వైపు నుంచి వెనక చక్రానికి దిగే సన్న గొట్టం) చివర, మెయిన్ పివట్. మళ్ళీ మళ్ళీ లేపి దించుతూ ఉండు. కదిలే చోటు వేలికి దొరికిపోతుంది. కంటికి కనిపించని పావు మిల్లీమీటరు కూడా వేలికి తెలుస్తుంది. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి షాకు కన్నుల్లో బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం, అంటే బుష్, అరిగిందని నా అనుమానం. బరువు పడి లేచినప్పుడే శబ్దం రావడం దాని గుర్తు. అది చిన్న భాగం, మారిస్తే పోయేది. అలా వదిలేస్తే మాత్రం షాకు బోల్టునూ, ఫ్రేములో అది కూర్చునే చోటునూ తినేస్తుంది.

తర్వాత అడ్డంగా. ఒక చేత్తో ఫ్రేము, రెండో చేత్తో వెనక టైరు పైభాగం పట్టుకుని పక్కలకు ఊపు. చక్రం మాత్రమే కదిలి సీట్‌స్టే కదలకపోతే హబ్బు బేరింగో, యాక్సిల్ వదులో. చక్రమూ సీట్‌స్టే కలిసి కదిలితే పివట్లు. ముందు వైపు కూడా ఇలాంటి పనే: ముందు బ్రేకు పట్టి బైకును ముందుకూ వెనక్కూ ఊపు, హెడ్‌సెట్ (ఫోర్కు గొట్టం ఫ్రేములో తిరిగే బేరింగు) కప్పు మీద వేలు పెట్టు. హ్యాండిల్ అడ్డంగా తిప్పి ఇంకోసారి ఊపు. తిప్పాక కప్పు దగ్గర ఏమీ తెలియకుండా ఫోర్కు కాళ్ళలోనే ఆట తెలిస్తే ఫోర్కు లోపలి బుష్షులు అరిగి ఉండవచ్చు.

బేరింగులు తుప్పు పట్టాయో లేదో తెలియాలంటే షాకు ఒక చివర బోల్టు తీసి, వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఊపాలి. నూనె రాసినట్టు కదలాలి. ఇసుక నలిగినట్టు ఉన్నా, ఒక చోట పట్టేసినా మార్చే రోజు వచ్చినట్టే. షాకు తగిలించి ఉండగా ఇది ఎప్పటికీ తెలియదు. షాపులో చూశామన్నారు అంటున్నావు కానీ, నాకు తెలిసి హడావిడి సర్వీసుల్లో ఈ పని ఎవరూ చేయరు.

బోల్టుల మాట. టార్క్ రెంచి కొను, లేదా అరువు తెచ్చుకో. హ్యాండిల్ స్టెమ్ బోల్టుకు 5 న్యూటన్ మీటర్లు అంటే, మెయిన్ పివట్‌కు దానికి మూడు నాలుగు రెట్లు ఉండవచ్చు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో లెక్క. బోల్టు తల మీదే చెక్కి ఉంటుంది, లేకపోతే తయారీ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే మర పోతుంది. కొన్ని ఫ్రేముల్లో బేరింగు మీద బరువు పడి పివట్ బిగుసుకుపోతుంది కూడా. సరిగ్గా బిగించాక బోల్టు తల నుంచి ఫ్రేము మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్న గీత గీసెయ్. నేను మా అమ్మాయి నెయిల్ పాలిష్ వాడతాను, ఆ విషయం ఇంట్లో ఇంకా తెలియదు. రైడుకు ముందు ఆ గీతలు కలిసి ఉన్నాయో లేదో చూడటానికి అర నిమిషం చాలు.

ఇవన్నీ అయ్యాక శాగ్ (నువ్వు ఎక్కితే నీ బరువుకు షాకు ఎంత నొక్కుకుంటుందో) కొలిచి ఎంత ఉందో రాయి. పాత ఓనరు నీకంటే బరువు అన్నావు. గాలి అతని లెక్కకే ఉండిపోయి ఉంటుంది. ఆ తన్నుడికి కారణం అక్కడే దొరకవచ్చు.


రాళ్ళదారి:

పాతచైను గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి రెండు గంటలు కూర్చున్నాను.

వేలు పరీక్షలో దొరికింది. షాకు కింది కన్ను. లేపిన ప్రతిసారీ వేలి కింద స్పష్టంగా కొట్టుకుంటోంది. మిగతా కీళ్ళలో ఏమీ తెలియలేదు. పక్కలకు ఊపితే కూడా ఏమీ లేదు.

శాగ్ కొలిచాను. హెల్మెట్, బ్యాగు, నీళ్ళ సీసా అన్నీ వేసుకుని, షాకు మీద ఉన్న లివర్ ఓపెన్‌లో పెట్టి, రబ్బరు రింగు సీలుకు ఆనించి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాను. షాకు స్ట్రోకు 55 మిల్లీమీటర్లు. రింగు జరిగింది 9 మాత్రమే, అంటే 16 శాతం. రీబౌండ్ నాబ్ (నొక్కుకున్న షాకు ఎంత వేగంగా తిరిగి లేవాలో సర్దేది) చూస్తే పూర్తిగా వేగం వైపు తిప్పేసి ఉంది.

ఇంకో విషయం, ఇదే అడగాలా వద్దా అనుకుంటున్నాను. కడుగుతుంటే సీటు గొట్టం, పై గొట్టం కలిసే చోట వెనక వైపు వెల్డింగు అంచున వెంట్రుకలాంటి గీత కనిపించింది. ఒక 2 సెంటీమీటర్లు ఉంటుంది. సగం ఒక స్టిక్కరు కింద ఉంది. పెయింట్ గీతేమో అనిపిస్తోంది. ఫ్రేము నలుపు రంగు కాబట్టి సరిగ్గా తెలియడం లేదు.


ఎర్రమట్టి:

ఆ గీత సంగతి పాతచైను గారు చెబుతారు. నేను మణికట్టు గురించి రాస్తాను, ఎందుకంటే దాన్ని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు.

బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో తాళ్ళలా తేలే రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉందా? ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి. చెయ్యి చాపి పడినప్పుడు అక్కడుండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగే అవకాశం ఉంది. మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనిపించదు కూడా. నేను బెణుకే అనుకుని అయిదు వారాలు తొక్కాను. ఆ ఎముకకు రక్తం సరఫరా తక్కువ, ఆలస్యమైతే అతుక్కోవడం కష్టం. ఇప్పటికీ నా కుడి చెయ్యి పూర్తిగా వెనక్కి వంగదు.

పడినప్పుడు తల తగిలిందా? తగిలితే హెల్మెట్ మార్చాలి, బయట గీత పడకపోయినా సరే. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు.

ఇక జంపు. 16 శాతం శాగ్, రీబౌండ్ పూర్తిగా తెరిచి ఉండటం, ఈ రెండూ కలిస్తే వెనక చక్రం స్ప్రింగు బొమ్మలా తన్నుతుంది. అందులో అనుమానం లేదు. కానీ సగం తప్పు మీ కాళ్ళది కూడా అయి ఉంటుందని నా ఊహ. హార్డ్‌టెయిల్ మీద గట్టిగా నిలబడి, అంచు దగ్గర బైకును లాగి దూకడం అలవాటవుతుంది. ఇక్కడ అలా లాగేలోపే షాకు నొక్కుకుని, అంచు దాటే క్షణానికి తిరిగి లేస్తుంది. సీటు పైకే ఉండి, మోకాళ్ళు బిగుసుకుని ఉంటే ఆ తోపు నేరుగా నడుముకు చేరి మనిషిని ముందుకు విసురుతుంది. డ్రాపర్ దింపండి. పెడల్స్ రెండూ సమంగా, మడమలు కొంచెం కిందికి, మోచేతులు బయటికి. బరువు చేతుల మీద కాదు, పాదాల మీద. భయం వేసినప్పుడు మనందరం చేసే పని ఒకటుంది, వెనక్కి వాలి చేతులు నిటారుగా చాపడం. దాంతో ముందు చక్రం తేలికై మలుపులో జారుతుంది. దిగుడు ఎంత నిటారుగా ఉంటే అంత వెనక్కి అని నాకు మొదట్లో ఎవరో చెప్పారు, దాన్ని మరిచిపోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఫుల్ సస్పెన్షన్‌తో అసలు చిక్కు వేరే ఉంది. హార్డ్‌టెయిల్ మీద వేగం ఎంతో ఒంటికి తెలుస్తుంది, పళ్ళు కొట్టుకుంటాయి. ఇది మెత్తగా మోసుకుపోతుంది కాబట్టి మీరనుకున్నదాని కంటే చాలా వేగంగా పోతుంటారు. మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడు గానీ తెలియదు. కొత్త దారిలో మొదటిసారి ఎక్కడికక్కడ ఆగి చూసి దిగండి. దూకే అంచుల దగ్గర దిగి, అవతలి వైపు నడిచి చూడండి. స్నేహితులు ముందుకు పోతే పోనివ్వండి.

బ్రేకులు పొడుగాటి దిగుడులో మొదట అలసిపోతాయి. సన్నగా పట్టి ఉంచుతూ దిగకండి. వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందు తిన్నని చోట ఒక వేలితో గట్టిగా వేసి వదిలేయండి. ప్యాడు దాని వెనక రేకుతో కలిపి 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి. రోటరు (ప్యాడ్లు పట్టుకునే బ్రేకు పళ్ళెం) ఎంత పలచబడవచ్చో చాలావాటి మీద అచ్చువేసే ఉంటుంది. లివర్ గ్రిప్పు దాకా వచ్చేస్తుంటే ఆదివారం మాట మరిచిపోండి. ఇంకో చిన్న విషయం, మీ షాపులో చైనుకు నూనె వేశారన్నారు. స్ప్రే కొట్టి ఉంటే రోటరు మీద పడిందేమో చూడండి. పడితే బ్రేకు అరుస్తుంది, పట్టదు. ప్యాడ్లు నూనె పీల్చాక తుడిచినా లాభం ఉండదు.


పాతచైను:

ఎర్రమట్టి గారు చెప్పిన వెనక్కి వాలడం సంగతి నా గురించే అనిపించింది. ఈ వయసులో కూడా భయమేస్తే అదే చేస్తాను.

రాళ్ళదారీ, ముందు ఆ గీత. మిగతావన్నీ తర్వాత.

స్టిక్కరు పీకెయ్. స్పిరిటుతో గుడ్డ తడిపి ఆ చోటు తుడువు. గదిలో లైటు ఆపి, టార్చి పక్కవాటుగా కొట్టి చూడు. ఎదురుగా కొడితే ఏమీ తెలియదు. గోరు అడ్డంగా గీయి. పెయింట్ గీతైతే గోరు జారిపోతుంది, లేదా ఒక వైపే తగులుకుంటుంది. లోహం పగిలితే గోరుకు రెండు అంచులూ తెలుస్తాయి. గీత వెల్డింగు అంచును అనుసరించి వంగుతూ పోతోందా, లేక దాన్ని దాటి తిన్నగా పోతోందా కూడా చూడు. గీరుకున్న గీత తిన్నగా పోతుంది. పగులుకు తిన్నగా పోవాల్సిన అవసరం లేదు, బలహీనమైన దారి వెతుక్కుంటుంది. అప్పటికీ తేలకపోతే, వెల్డింగు పనులు చేసే వర్క్‌షాపుల్లో డై పెనెట్రెంట్ అని ఒక స్ప్రే సెట్టు ఉంటుంది. పెయింట్ తీసి, ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి కొడతారు. పగులుంటే ఎర్ర గీత తెలుపు మీదికి దానంతట అదే ఊరి వస్తుంది. వాదనకు తావుండదు.

ఇంకో ప్రశ్న. నీ సీటు పోస్టు ఫ్రేము లోపలికి ఎంత దిగి ఉంది? పాత ఓనరు పొడుగు అన్నావు. పోస్టు మీద కనీసం ఇంతవరకూ లోపల ఉండాలి అని ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేలా పెట్టుకుని తొక్కితే, కూర్చున్న మనిషి బరువంతా సీటు గొట్టం పైఅంచును గడ్డపారతో పెకిలించినట్టు వెనక్కి వంచుతుంది. సరిగ్గా నువ్వు చెప్పిన చోటే పగులుతుంది. పోస్టు పొడవు పై గొట్టం వెల్డింగు దాటి కిందికి ఉండాలి. నువ్వు కొన్నాక దింపుకుని ఉంటావు, కానీ పాత గుర్తులు పోస్టు మీద ఉంటాయి చూడు.

పగులే అయితే తొక్కకు. "చిన్నదే కదా, చూసుకుంటూ తొక్కుతాను" అనకు. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, దాని లోపల ఎన్నిసార్లు వంచినా తట్టుకుంటుంది. అల్యూమినియంకు ఆ హద్దు లేదు, ప్రతి కుదుపూ లెక్కలో పడుతూనే ఉంటుంది. వెల్డింగు చేయిస్తాను అని కూడా అనకు. ఈ ఫ్రేములు చాలావరకు 6061 లాంటి మిశ్రమలోహాలతో చేసి, వేడి పెట్టి గట్టిపరిచినవి. మామూలుగా వెల్డింగు చేస్తే ఆ పక్కనే లోహం మెత్తబడిపోతుంది. మళ్ళీ మొత్తం ఫ్రేమును అలా వేడికి పెట్టే కొలిమి ఎవరి ఇంట్లోనూ ఉండదు.

పగులు కాదని తేలితే అప్పుడు షాకు. మొదట బుష్. తర్వాత గాలి తగ్గించి శాగ్ 15, 16 మిల్లీమీటర్లకు తీసుకురా, అంటే 27, 29 శాతం. కొంచెం తగ్గించి, పదిసార్లు నొక్కి వదిలి, మళ్ళీ కొలువు. లోపల రెండు గదులుంటాయి, నొక్కితేనే వాటి మధ్య గాలి సర్దుకుంటుంది. పంపు తీసేటప్పుడు వచ్చే "ఉస్స్" పంపు గొట్టంలోనిది, షాకుది కాదు, దానికి కంగారుపడి మళ్ళీ గాలి కొట్టకు. ఫోర్కుకు 20 శాతం, నీ 150కి 30 మిల్లీమీటర్లు. రీబౌండ్‌ను పూర్తిగా మూసి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ తెరువు. పేవ్‌మెంటు అంచు మీద నుంచి కూర్చునే దిగు. వెనక భాగం నొక్కుకుని, లేచి, ఒక్కసారి కొంచెం పైకి పోయి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే ఒక క్లిక్కు మూయి. మరీ మూసేసినా ప్రమాదమే, వరస రాళ్ళ మీద లేవడానికి సమయం చాలక కూరుకుపోతుంది.


గాలిపటం:

నా పోస్టు చూసి నాకే సిగ్గేసింది. సరే, ఇప్పుడే నా బైకుకు వేలు పరీక్ష చేశాను. రాకర్ దగ్గర కదులుతోంది. ఎడమ పక్క బోల్టు బిగించబోతే తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. రెండేళ్ళు బలంగా బిగించిన ఫలితం అనుకుంటా. ఎవరూ ఏమీ అనకండి.


రాళ్ళదారి:

నాలుగు రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నాను.

ఆదివారం వెళ్ళలేదు. శనివారం స్టిక్కరు తీసి స్పిరిటుతో తుడిచాను. దాని కింద గీత ఇంకా సెంటీమీటరుంది. గోరు రెండు వైపులా తగులుకుంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. తెలిసిన వర్క్‌షాపులో ఆ రంగు పరీక్ష చేయించాను. పొడి కొట్టిన రెండు మూడు నిమిషాలకే ఎర్ర గీత బయటపడింది. వెల్డింగు అంచు వెంట వంకరగా, 3 సెంటీమీటర్లు దాటి ఉంది. కుడి పక్క ఇంకోటి ఇప్పుడే మొదలైంది, అది పెయింట్ మీద అసలు కనిపించలేదు.

సీటు పోస్టు తీసి చూశాను. మీరు చెప్పినట్టే పాత బిగింపు గుర్తు ఒక వలయంలా పడి ఉంది, కనీస గీతకు 3 సెంటీమీటర్లు కింద. అంటే అతను ఆ గీత బయటికి కనిపించేలా పెట్టుకునే తొక్కాడు. అతనికి ఫోన్ చేస్తే "నేనున్నప్పుడు ఏమీ లేదు" అన్నాడు. స్టిక్కరు గురించి అడిగితే అందం కోసం అన్నాడు. వదిలేశాను. కంపెనీకి కూడా రాశాను. వారంటీ మొదట కొన్నవారికే అని జవాబొచ్చింది, ఫ్రేము ముందు భాగం విడిగా దొరుకుతుందేమో కనుక్కుంటామన్నారు.

ఎర్రమట్టి గారూ, ఆ గుంట దగ్గర నొక్కితే నొప్పి లేదు. అయినా డాక్టరుకు చూపించాను, బెణుకే అన్నారు, రెండు వారాలాగి మళ్ళీ రమ్మన్నారు. తల తగల్లేదు.

విచిత్రం ఏమిటంటే నేను భయపడింది "టక్" శబ్దానికి. అది బుష్, దాంతో పోయేది. ఈ పగులు ఒక్కసారి కూడా శబ్దం చేయలేదు.

ఇప్పుడు భాగాలన్నీ విప్పుతున్నాను. ఫోర్కు, చక్రాలు, బ్రేకులు, షాకు దాచుకుంటాను. షాకు విప్పేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?


పాతచైను:

శనివారం ఆగిపోయావు, మంచి పని చేశావు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

షాకును బైకు నుంచి తీయడానికి గాలి తీయనక్కర్లేదు, బోల్టులు తీస్తే వచ్చేస్తుంది. బుష్ మార్చాలన్నా దాని గాలి గొట్టం విప్పాల్సిన పని లేదు. సర్వీసుకు విప్పాలంటే మాత్రం గాలి పూర్తిగా పోనిచ్చాకే చెయ్యి పెట్టాలి. గాలి తీసేటప్పుడు కొంచెం కొంచెంగా తీస్తూ మధ్యలో నొక్కి వదులుతూ ఉండాలి. గాలి తీశాక షాకు ముడుచుకుపోయి, లాగినా సాగకుండా ఉందనుకో, అప్పుడు దాన్ని విప్పకు. లోపలి రెండో గదిలో ఒత్తిడి చిక్కుకుని ఉంటుంది, విప్పితే ముక్కలు ఎగిరొచ్చి ముఖానికి తగులుతాయి. అది సర్వీసు సెంటరు వాళ్ళ పని. నైట్రోజన్ ఉండే గదిని ఎప్పుడూ ముట్టుకోకు.

షాకును ఎన్ని గంటలు తొక్కారో అతను చెప్పడు కాబట్టి సర్వీసు కాలేదనే అనుకో. గాలి గొట్టం సీళ్ళకు కొన్ని కంపెనీలు 50 గంటలంటాయి, పూర్తి సర్వీసుకు కొన్ని 125, కొన్ని 200 అంటాయి. కొత్త ఫ్రేముకు బిగించే ముందు దాని పొడవు, స్ట్రోకు, కన్నుల వెడల్పు సరిపోతాయో చూసుకో. బిగించాక గాలి తీసేసి, సీటు దింపి, ఒకసారి అడుగు వరకూ మెల్లగా నొక్కు. టైరు సీటుకు తగలకూడదు, బ్రేకు గొట్టం చిక్కుకోకూడదు. వెనక పెద్ద గేరులో చైను మరీ బిగుసుకుపోకూడదు. ఫుల్ సస్పెన్షన్‌లో నొక్కుకునే కొద్దీ చైనుకు పొడవు ఎక్కువ కావాలి, హార్డ్‌టెయిల్ లెక్కన కోస్తే డెరైలర్ (వెనక గేర్లు మార్చే భాగం) తెగొస్తుంది.

ఇక ఆ ఫ్రేమును ఎవరికీ ఇవ్వకు, ఊరికే అడిగినా ఇవ్వకు. పగిలిన చోట రంపంతో రెండుగా కోసి పాత ఇనుముకు వెయ్యి. కోశాక ఆ అంచు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పగులు ఎంత లోతుకు పోయిందో గాలిపటం కూడా చూస్తాడు.